ఒక్క ముద్ద... మూడు రంగులు!

పళ్ళెంలో పది రకాల బిస్కెట్లు పెట్టి చూడండి. చిన్నపిల్లల చెయ్యి తిన్నగా ఎరుపూ పసుపూ ఉన్నదాని మీదికే పోతుంది. పెద్దవాళ్ల చెయ్యికీ అక్కడికే పోవాలనుంటుంది. కాకపోతే నలుగురూ చూస్తున్నారని కాస్త మొహమాటపడుతుంది. అంతే తేడా!

రంగుకి అంత బలం ఉంది మరి. 1957లో వచ్చిన 'మాయాబజార్' నలుపు తెలుపుల సినిమా. అందులో ఘటోత్కచుడిగా ఎస్.వి.రంగారావు పెళ్లి విందంతా ఒక్కడే లాగించేస్తూంటే, ఆ లడ్లు ఏ రంగులో ఉన్నాయని ఏ ప్రేక్షకుడూ అడగలేదు. నోట్లో నీళ్లూరాయి, అంతే. 1963లో 'లవకుశ' వచ్చి తెలుగు తెరని పూర్తిగా రంగుల్లో ముంచింది. ఆ తర్వాత ఎన్నాళ్లకో, 2010లో, ఆ పాత 'మాయాబజార్'కే కంప్యూటరు సాయంతో రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. జనం వెళ్లారు. ఎందుకు వెళ్లారు? రంగు కొత్తది గనుక. ఎందుకు మెచ్చుకున్నారు? సరుకు పాతది గనుక!

ఆ సినిమా తీసిన విజయా వారి నాగిరెడ్డిగారు మా కడప జిల్లా పొట్టిపాడులో పుట్టారు. దర్శకుడు కె.వి.రెడ్డిగారిది తాడిపత్రి, మా ఊళ్లో రైలెక్కితే వచ్చే ఊరే. కాబట్టి రంగు గురించీ, విందు గురించీ మాట్లాడే హక్కు మా వైపు వాళ్లకి మిగతావాళ్ల కంటే ఓ పిసరు ఎక్కువుందని నా వాదన. ఆ హక్కుతోనే మొన్నటి వేసవి సెలవుల్లో మా ఇంట్లో జరిగిన రంగుల బిస్కెట్ల కార్యక్రమం గురించి మీకు చెప్పబోతున్నాను.

పేరులో ఎరుపు, బండలో నలుపు

మాది ఎర్రగుంట్ల. పేరులోనే రంగుంది గానీ ఊళ్లో కనిపించేది వేరు. భూమిలో నల్లటి నాపరాయి, ఊరి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, చెట్ల ఆకుల మీద బూడిద రంగు పొడి. మీ ఇంట్లో వంటగట్టు మీద నున్నటి నల్ల బండ ఉంటే ఒకసారి నిమిరి చూడండి. అది మా జిల్లా నుంచి వచ్చినదే అయివుండొచ్చు. దాన్ని 'కడప బండ' అనే పిలుస్తారు.

ఇక ఎండ సంగతి. మే నెలలో మా దగ్గర నలభై డిగ్రీలు దాటడం వార్త కాదు, దాటకపోతే వార్త. వెన్న ముప్ఫై రెండు, ముప్ఫై అయిదు డిగ్రీల మధ్యలోనే కరిగి చేతులెత్తేస్తుంది. అలాంటి ఊళ్లో, అలాంటి నెలలో, వెన్నతో చేసి, చల్లబరిచి, చాకుతో కోసి కాల్చే బిస్కెట్లు చేయాలట! ఈ ఆలోచన బెంగుళూరు నుంచి వచ్చిన మా అక్క కూతురిది. పన్నెండేళ్లది. సెల్‌ఫోన్‌లో ఎవరో చేస్తుంటే చూసింది. కోసిన ప్రతి ముక్కలోనూ అదే పువ్వు, అదే గడి, అదే సుడి! "మామా, మనం కూడా" అంది. వంట చేసే మగవాణ్ణి మా బంధువర్గంలో నేనొక్కణ్ణే కాబట్టి, ఆ 'మనం' అంటే నేనే.

మా జేజి (మా వైపు నాయనమ్మను అలాగే పిలుస్తాం) మంచం మీద నుంచే విచారణ మొదలుపెట్టింది.

"ఏం రా అబ్బీ, నిన్ను డిగ్రీ చదివించింది బిస్కెట్లు కాల్చేదానికా?"

"రాసేదాంట్లో వచ్చే డబ్బులకంటే దీంట్లోనే ఎక్కువ వస్తాయేమో జేజీ!"

జేజి నవ్వలేదు. కాసేపు ఊరుకుని, "చేస్తే చెయ్యి. కానీ ఒగ మాట. పిల్లోల్లు అందరూ ఉండాల. గోడకు అవతల పిల్లోల్లు గూడా" అంది.

ఆ గోడ సంగతి చెప్పకపోతే మీకు కథ అర్థం కాదు. మూడేళ్ల కిందట నాపరాయి గని వాటాల దగ్గర మా నాయనకీ పెద్దనాయనకీ మాట మాట పెరిగింది. భాగాలు పడ్డాయి. వాకిలి నడుమ ఛాతీ ఎత్తున గోడ లేచింది. దాన్ని కట్టింది కూడా నాపరాళ్లతోనే! జేజి ఆర్నెల్లు ఇటు, ఆర్నెల్లు అటు. ఒకప్పుడు సెలవుల్లో ఇరవై విస్తళ్లు పడిన ఇంట్లో, మూడు వేసవులుగా అటు వాళ్లు అటే, ఇటు వాళ్లు ఇటే. పెద్దనాయన మనవడూ మనవరాలూ గోడ మీద నుంచి తలలు పెట్టి చూసి, ఎవరో పిలవగానే వెళ్లిపోయేవాళ్లు.

జేజి పేరు చెప్పి పిలిచాం. పెద్దమ్మ పంపించింది. పెద్దనాయన వద్దనలేదు, పొమ్మనీ అనలేదు. 2016లో మా ఊరికి నంద్యాల లైను కలిశాక మేనత్త వాళ్లకి రావడం సులువైపోయింది. ఆ రైల్లో ఆమె మనవలు దిగారు. మొత్తం తొమ్మిదిమంది పిల్లలు. సైన్యం తయారు!

ఐసు పెట్టె తెచ్చిన వంట

ఇంతకీ ఈ బిస్కెట్లు ఎవరివి? అమెరికాలో వీటికి 'ఐస్‌బాక్స్ కుకీలు' అని పేరు. ఇళ్లల్లోకి ఐసు పెట్టెలు, వాటి వెనకే ఫ్రిజ్‌లు వచ్చిన రోజుల్లో, అంటే 1930 ప్రాంతాల్లో, ఇవి ఇంటింటికీ పాకాయి. పిండి ముద్దని చుట్టలా చేసి పెట్టెలో పడేస్తే, చుట్టాలొచ్చినప్పుడు కావలసినన్ని కోసి కాల్చుకోవచ్చు. జర్మనీలో క్రిస్మస్‌కి ఇదే పద్ధతిలో చదరంగం గళ్ల బిస్కెట్లు చేస్తారు. వాటి పేరులోనే నలుపు తెలుపు ఉంది. తెలుపంటే ఉత్త పిండి, నలుపంటే కోకో కలిపిన పిండి. అచ్చం మన పాత సినిమాలాగే!

మనకీ చుట్టరికం లేకపోలేదు. హైదరాబాదు మొజంజాహీ మార్కెట్టు దగ్గర 1953లో మొదలైన కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్లు తిననివాళ్లు మీలో ఎంతమంది? దేశ విభజనలో సింధు నుంచి వచ్చినవారు పెట్టిన దుకాణం అది. ఆ రకం బిస్కెట్లలో మెరిసే ఎర్ర, పచ్చ టుటీ ఫ్రూటీ ముక్కల్ని ఏదో విదేశీ పండు అనుకుంటాం. కాదండీ, అది పచ్చి బొప్పాయి! చిన్న ముక్కలు కోసి, ఉడికించి, చక్కెర పాకంలో నానబెట్టి రంగు వేస్తారు. ఒకప్పుడు మా జిల్లాలోనే ఉన్న కోడూరు వైపు వెళ్తే బొప్పాయి తోటలు కావలసినన్ని. మేకప్పు వేశాక సొంత ఊరివాళ్లే గుర్తుపట్టకపోవడం సినిమావాళ్లకే కాదు, బొప్పాయికీ ఉంది!

ఒకటి, రెండు, మూడు

లెక్క చాలా సులువు. చక్కెర పొడి ఒక వంతు, వెన్న రెండు వంతులు, మైదా మూడు వంతులు. అంటే 100 గ్రాములు, 200 గ్రాములు, 300 గ్రాములు. చిటికెడు ఉప్పు, యాలకుల పొడి, ముద్ద కూడడానికి రెండు మూడు చెంచాల పాలు. జేజి తింటుంది కాబట్టి గుడ్డు లేదు. దీనికి రెండు చుట్టలు వస్తాయి. మేము మూడింతలు కలిపాం. ఆరు చుట్టలు.

తెల్లవారుజామున నాలుగున్నరకే సైన్యాన్ని లేపాను. ఎండకంటే ముందుండాలి కదా! వంటగట్టు మీది కడప బండ ఆ వేళలో చల్లగా ఉంటుంది. పిండి కలపడానికి అంతకు మించిన చోటు లేదు. వెన్నా చక్కెరా తెల్లగా నురగ కట్టేలా గిలకొట్టడం వద్దు, కలిసిపోతే చాలు. గాలి ఎక్కువైతే పొయ్యిలో పొంగి, గీసిన బొమ్మ చెదిరిపోతుంది. మైదా వేశాక ఎక్కువ పిసకనూ కూడదు. పిసికితే జిగురు సాగి, బిస్కెట్టు కరకరలాడ్డం మానేసి గట్టిపడుతుంది. చపాతీకి పనికొచ్చే బలం ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు ముద్దని మూడు భాగాలు చేయాలి. ఒక భాగానికి చిటికెడు పసుపు. పసుపు పొయ్యి వేడికి బెదరదు. ఇంకో భాగానికి కోకో. కోకో ఎంత వేస్తే మైదా అంత తగ్గించాలి, లేకపోతే ఆ భాగం ఎండిపోయి పక్కదాన్నుంచి విడిపోతుంది. మూడోది గులాబీ రంగు. "బీట్‌రూట్ రసం పోయండి" అని అక్క సలహా. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ, ఆ రంగు వేడికి నిలవదు. లోపలికి హీరోయిన్‌లా వెళ్లి, బయటికి మట్టి రంగులో వస్తుంది! అందుకని కిరాణా కొట్లో దొరికే తినే రంగు, గింజంత.

ఎరుపు మాట రాగానే జేజి హుషారైంది. వక్కాకు పెట్టె తెప్పించి, గిన్నెడు నీళ్లలో పసుపు కలిపి, వేలి చివర ఇంత సున్నం తీసి అందులో తిప్పింది. పసుపు నీళ్లు చూస్తూండగానే ఎర్రబడ్డాయి! తొమ్మిది నోళ్లూ తెరుచుకున్నాయి. మా నేలలోని సున్నపురాయిని కాలిస్తే వచ్చేది ఆ సున్నమే. పసుపులో క్షారం తగిలితే రంగు మారుతుంది. "జేజీ, ఇది బిస్కెట్లలో పోద్దామా?" అన్నాడు ఒకడు. "తూ, ఇది తినేదానికి కాదు రా. దిష్టి తీసేదానికి!" అని, అక్కడున్న తొమ్మిదిమందినీ వరసగా నిలబెట్టి, అటు ఇద్దరూ ఇటు ఏడుగురూ అనే భేదం లేకుండా, ఒకే గిన్నెతో దిష్టి తీసేసింది.

అతుకు పెట్టే వేళ

అసలు కిటుకు ఇక్కడుంది. వేరే రంగులు వేసుకున్న భాగాలు మళ్లీ ఒక్కటిగా అతుక్కోవాలి. ముద్దలు మరీ చల్లబడి రాయిలా ఉంటే అతుక్కోవు, నొక్కితే పగుళ్లిస్తాయి. మరీ వెచ్చగా ఉంటే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఏ రంగూ మిగలదు. గోటితో నొక్కితే గుంట పడాలి, వేలికి మాత్రం అంటుకోకూడదు. సరిగ్గా ఆ అదనులో, పైన ఒక్క తడి పాలచుక్క రాసి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి అదిమితే చాలు. ఆ తర్వాత పొయ్యిలో పెట్టినా విడిపోవు. ఎందుకంటారా? అన్నీ ఒకే ముద్దలోంచి వచ్చినవి. వేడికి అన్నీ ఒకేలా ఉబ్బుతాయి, ఒకేలా ఆరతాయి. ఎక్కడెక్కడివో పిండ్లు తెచ్చి అతికిస్తే ఆ పప్పులుడకవు.

ఇదంతా పిల్లలకి చెబుతూంటే నా చూపు కిటికీలోంచి గోడ మీదికి పోయింది. అంతకు మించి నేను వ్యాఖ్యానం చేయను. సినిమా పత్రిక చదివేవాళ్లకి సింబాలిక్ షాట్ విడమరిచి చెప్పాలా!

గళ్ల బిస్కెట్టు పని పెద్దనాయన మనవడు తీసుకున్నాడు. స్కేలు పెట్టి కొలిచి, పలకలుగా కోసి, పసుపు పక్కన కోకో, దాని మీద మళ్లీ అటుదిటు చేసి పేర్చాడు. వేలెడంత అటూ ఇటూ కాలేదు. పెద్దనాయన గనిలో బండ కొలిచే చెయ్యి అలాంటిదే. బండ మీద దారం పట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. వీడూ ఒక కన్ను మూశాడు. వాకిట్లోంచి అది చూసిన మా నాయన, ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, తన ఇనప స్కేలు తెచ్చి వాడి పక్కన పెట్టి పోయాడు.

మా అక్క కూతురు గులాబీ పలక మీద తెల్ల పలక పరిచి జిలేబీలా చుట్టింది. చిన్నవాళ్లు మిగిలిన తుంపులన్నీ కలిపి, పేరు పెట్టలేని డిజైను ఒకటి చేశారు. అన్నింటినీ బట్టర్ పేపర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాం. రెండు గంటలు. ఆ రెండు గంటల్లో ఫ్రిజ్ తలుపు ఎన్నిసార్లు తెరుచుకుందో ఆ ఫ్రిజ్‌కే తెలియాలి.

జానెడు చుట్ట, 24 ముక్కలు

మా ఇంట్లో పొయ్యి అంటే గ్యాసు పొయ్యే. అందుకని చుట్టల్ని స్టీలు క్యారియర్లో పెట్టి, చుట్టూ ఐసు ముక్కలు పోసి, బజారులోని బేకరీకి తీసుకెళ్లాం. ఇదేమీ కొత్త సంగతి కాదు. రంజాను ముందూ, సెలవుల్లోనూ పిండీ, చక్కెరా, నెయ్యీ పట్టుకెళ్లి బిస్కెట్లు చేయించుకోవడం మన ఊళ్లల్లో ఉన్నదే. ట్రేకింతని కూలి ఇస్తాం.

బేకరీ అన్న రొట్టెలు దించేశాక గానీ మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. "రొట్టెకి మంట ఎక్కువుండాల. బిస్కెట్టుకి దిగిపోయే వేడి చాలు" అన్నాడు. ఇటుకల పొయ్యి నేల మీద చిటికెడు మైదా చల్లి, అది ఎంతసేపటికి రంగు తిరుగుతుందో చూసి, వేడి లెక్క చెప్పేశాడు. ఇళ్లల్లో ఓవెన్ ఉన్నవాళ్లు 170 డిగ్రీలు పెట్టుకుంటే సరిపోతుంది.

ఆయన చెక్కబల్ల మీదే కోశాం. చాకుతో కోస్తే ఒకవైపు నొక్కుకుపోయి గుండ్రం పోతుంది. ప్రతి ముక్కకీ చుట్టని పావు వంతు తిప్పుతూ కోయాలి. లేదా గట్టి కుట్టు దారం చుట్టూ వేసి, రెండు కొసలూ లాగితే సరి, నున్నగా తెగుతుంది. జానెడు చుట్టకి వేలి మందం కంటే కాస్త తక్కువగా కోస్తే ఎన్ని వచ్చాయో తెలుసా? ఇరవై నాలుగు!

ఈ లెక్క మీకు ఎక్కడో తగిలిందా? సినిమా తెర మీద ఒక్క సెకనుకి కదిలే ఫ్రేములు 24. రీళ్లు పోయి డిజిటల్ వచ్చినా ఆ లెక్క మారలేదు. అంటే మా చుట్ట ఒక్కొక్కటీ ఒక్క సెకను సినిమా! ఆరు చుట్టలు, 144 ముక్కలు, ఆరు సెకన్లు. ఇంత శ్రమా ఆరు సెకన్లకా అని నవ్వకండి. షూటింగు చూసినవాళ్లని అడగండి, ఆరు సెకన్ల షాట్‌కి ఎన్ని గంటలు పడుతుందో చెబుతారు.

పన్నెండు నిమిషాలు. అంచు మాత్రం లేత బంగారు రంగు తిరగాలి. నడుమ కూడా తిరిగిందంటే మీ రంగులన్నీ గోవిందా! బేకరీ అన్న పొడుగాటి చెక్క గరిటెతో ట్రే లాగాడు. గళ్లు గళ్లుగానే ఉన్నాయి. సుడి సుడిగానే ఉంది. ఒక్క అతుకూ విడలేదు. పేరు పెట్టలేని డిజైను కూడా ఎంత అందంగా వచ్చిందంటే, చిన్నవాళ్లు ముందే అలా అనుకుని చేశామని ప్రకటించేశారు.

ఆదివారం మిద్దె మీద

ఆదివారం పొద్దు గూకాక మిద్దె మీద అందరం చేరాం. రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ, మామిడిపండ్లు, ఆఖర్న టీతో బిస్కెట్లు. పెద్దమ్మ వచ్చింది. అమ్మా పెద్దమ్మా మూడేళ్ల కబుర్లు మూడు గంటల్లో తెమిల్చే ప్రయత్నం చేశారు. మేనత్త ఎప్పటిలాగే అందరినీ వరసగా తిట్టిపోసింది. పిల్లలు ఎవరు చేసిన బిస్కెట్టు వాళ్లు తినకుండా, మార్చుకుని తిన్నారు.

పెద్దనాయన మాత్రం రాలేదు. గోడకి అవతల ఆయన గదిలో దీపం వెలుగుతూనే ఉంది. మా నాయన ఆ వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాడు.

జేజి ఒక స్టీలు డబ్బా తెప్పించి, తన చేత్తో గళ్ల బిస్కెట్లు లెక్కపెట్టి సర్దింది. ఒక చుట్ట మొత్తం, ఇరవై నాలుగు. "మీ జేజినాయనకు ఇయ్యి పో" అని మనవడి చేతికిచ్చింది. ఎవరు పంపారని చెప్పాలో వాడికి చెప్పలేదు. వాడూ అడగలేదు.

మర్నాడు పొద్దున డబ్బా తిరిగొచ్చింది. నిండా నిప్పట్లు, పెద్దమ్మ చేతివి. నేను పెద్దగా సంబరపడలేదు. ఇచ్చిన డబ్బా ఖాళీగా తిప్పి పంపకూడదనేది మా వైపు ఆనవాయితీ. పగవాడికైనా అలాగే పంపుతారు.

డబ్బా నా చేతిలో పెట్టి వెళ్లబోతూ వాడు ఆగాడు. "చిన్నాయనా, జేజినాయన ఒగ మాట చెప్పమన్నాడు."

మా నాయన చదువుతున్న పేపరు కదలకుండా ఆగిపోయింది.

"ఏమని?"

"ఈ తూరి చేసేటప్పుడు యాలకులు తక్కువ ఎయ్యాలంట."

వాడు వెళ్లిపోయాడు. జేజి నిప్పటి తుంచి నోట్లో వేసుకుంటూ, "వానికి చిన్నప్పట్నించీ యాలకులు పడవు. మరిచేపోతి" అంది. మా నాయన పేపరు మడిచి, లేచి, ఫ్రిజ్ తలుపు తీసి చూశాడు.

"వెన్న ఎంత మిగిలింది రా?" అన్నాడు.